అర గింజ తేడా

మాసన్ లేక్స్‌లో ఫిబ్రవరి. బయట నలభై రెండు డిగ్రీలు.
బిల్డింగు మొత్తంలో ఏసీ చెప్పిన మాట వినేది
మా ల్యాబ్ ఒక్కటే.
బల్ల మీద చిటికెన వేలి గోరంత చిప్.
సెకనుకు రెండు వందల యాభై కోట్ల సార్లు
అంకెను అందుకుని వోల్టేజీగా వదులుతుంది.
నేనడిగింది ఒకే ఒక్క స్వరం,
మూడు వందల పది మెగాహెర్ట్జ్.
తెర మీద అది నిటారుగా నిలబడింది.
పక్కన పిలవని చుట్టాలు:
రెండింతల దూరంలో ఒకడు,
మూడింతల దగ్గర ఇంకాస్త పొట్టివాడు.

నాలుగు రోజులుగా వాళ్ళతోనే కాపురం.

క్లాక్ మార్చాను, కడిగిన ముత్యంలాంటిది తెచ్చి.
స్వరం పాదాల దగ్గర మసక తగ్గింది.
చుట్టాలు కదల్లేదు.
కరెంటు పెంచాను. తగ్గించాను.
ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి తిప్పి అతికించాను.
ఏడు పోయి ఎనిమిది రావాలంటే
మూడు స్విచ్‌లు పడుకోవాలి, ఒకటి లేవాలి.
పడుకునేవాళ్ళు పికోసెకన్లలో బద్ధకించినా చాలు
"పదిహేను!" అని కేకేస్తుంది తీగ,
ఎవరూ అడగని పదిహేను.
ఆ బద్ధకాన్నీ సర్దాను.
చుట్టాలు రెండో కాఫీ అడుగుతున్నారు.

గ్వెన్ ట్రెలోర్ తన టీ కప్పుతో వచ్చింది.
ముత్తాత కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి వచ్చి
మూంటాలో రాగి తవ్వాడట.
ఈమె ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ రాగినే అతుకుతోంది.
తెర వైపు చూడలేదు. కేబుళ్ళు చూసింది.

చిప్ నుంచి బయటికొచ్చేవి రెండు తీగలు.
ఒకటి ఔనంటే ఒకటి కాదంటుంది.
ఇద్దరి తప్పూ ఒకటే అయితే
కలిసే చోట తప్పును తప్పే కొట్టేస్తుంది,
మాట మాత్రం రెట్టింపై మిగులుతుంది.
అయితే ఇద్దరూ ఒకేసారి చేరాలి.

స్టీలు స్కేలు తీసింది.
ఒక కేబుల్ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ.
అర బియ్యపు గింజ.
"ఇది నేను కోసిందే," అంది,
"పోయిన మంగళవారం. కళ్ళజోడు కార్లో మర్చిపోయాను."
ఇంకొకటి కోసింది, కళ్ళజోడు పెట్టుకుని.
రెండింతల వాడు గడ్డిలోకి జారిపోయాడు,
పాము జారినట్టు, తోక కూడా కనపడకుండా.

మూడో వాడు పోలేదు.
వాడు జంట మధ్య తేడా కాదు,
జంటకి కలిసి ఉన్న అలవాటు.
దానికి స్కేలు పనికిరాదు.

రాత్రి తొమ్మిదింటికి నాకు తోచింది
(తోచిందనకూడదు, పాఠంలో ఉన్నదే,
విసుగు పుడితే గానీ గుర్తు రాలేదు):
ఈ చిప్ ఎంత వంచుతుందో కొలిచి
ముందే అంత అటువైపు వంచిన అంకెలు దీనికివ్వడం.
అబద్ధం పోసి నిజం పట్టుకోవడం.
నాకు కొంచెం సిగ్గేసింది.
గ్వెన్‌కి వేయలేదు.
"మా పాత ట్రక్కు ఎడమకి లాగుతుంది.
కుడికి పట్టి నడుపుతాను.
రోజూ తిన్నగా ఇంటికే వెళ్తున్నానుగా!"

మైనస్ అరవై నాలుగు డెసిబెల్స్.
డెబ్బై ఒకటి.
డెబ్బై ఎనిమిది. గ్వెన్ టీ చల్లారింది.
ఎనభై మూడు దగ్గర ఆగాడు.
కాపలా మనిషి తలుపు తీసి "ఇంకా ఉన్నారా?" అన్నాడు.
ఆ కాస్త వేడిగాలికే
ఎనభైకి తలెత్తి చూశాడు,
తలుపు మూశాక మెల్లగా దిగాడు.

బయట ఉప్పుమళ్ళ వాసన, ఇంకా చల్లారని తారు.
గ్వెన్ ట్రక్కు గేటు దాటేదాకా చూశాను.
తిన్నగానే వెళ్ళింది,
స్టీరింగు మీద ఆమె చేతులు మాత్రం తిన్నగా లేవు.

లాగ్‌బుక్‌లో చివరి వరుస ఇలా రాశాను:
మూడోది తగ్గింది. పోలేదు.
ఈ దిద్దుబాటు ఇరవై మూడు డిగ్రీల గదికే.
రేపు బయట నలభై నాలుగంటున్నారు.